శేషమ్మ తోటకిచ్చిన కానుక

అనగనగా, మన తాతల తాతలు ఇంకా ఉయ్యాల దిగని రోజుల్లో, పున్నాగపురమని ఒక పట్టణం. ఆ పట్టణం నడుమ ఒక తోట. తోట చుట్టూ గోడ ఉంది కానీ వాకిలికి తలుపు లేదు. ఎందుకు లేదంటారా? చెబుతాను, ఊఁ కొట్టండి మరి.

ఎప్పుడో వెనకటి కాలంలో ఆ దేశాన్నేలిన రాణి తన అంతఃపురం కోసం ఆ తోట వేయించింది. పొగడలు, పొన్నలు, సంపెంగలు, నడుమ తామరకొలను. తోట పూతకొచ్చిన ఏడు ఆవిడ మేడమీంచి చూస్తే, మిట్టమధ్యాహ్నం ఎండలో కట్టెలమోపు దించుకుని ఒక కూలిమనిషి గోడ బయట పిసరంత నీడ కోసం వెతుక్కుంటోంది. రాణి అప్పటికప్పుడు వడ్రంగిని పిలిపించి తలుపులు ఊడదీయించింది. "నీడకు గడియ పెట్టకూడదు" అంది. ఆనాటి నుంచి అది ఊరందరి తోట.

ఊరివాళ్ళకూ కృతజ్ఞత లేకపోలేదు. ఇంట్లో ఎవరు పోయినా వాళ్ళ పేరున తోటకు ఏదో ఒకటి ఇవ్వడం ఆ ఊరి ఆనవాయితీ. మొదట్లో మొక్కలిచ్చేవారు, కాలువలు తవ్వించేవారు. కొన్నాళ్ళకు రాతిబల్లలు వేయించి పేర్లు చెక్కించడం మొదలుపెట్టారు. రాయికి నీళ్ళు పొయ్యక్కర్లేదు కదా! ఒకరు బల్ల వేయిస్తే పక్కింటివాళ్ళు అంతకంటే పెద్ద బల్ల.

ఆ ఊళ్ళోనే శేషమ్మ అని ఒకావిడ ఉండేది. కొడుకు వరదయ్య గిన్నెలకు కళాయి వేసేవాడు. కోడలు తాయారు. శేషమ్మ ఎంత పిసినారంటే, ఎంగిలి చేత్తో కాకిని తోలదని ఊరంతా చెప్పుకునేవారు. దానికి తోడు ఆ నోరు! ఆవిడ వస్తోందంటే కుక్కలు కూడా అరుగు దిగి పక్క వీధిలోకి పోయేవి.

తాయారు పూర్తిగా వేరు. గొంతు పెంచి ఎరగదు. కానీ ఒక జబ్బుండేది పిల్లకి. ఏది చూసినా "ఎందుకు?" అని అడగందే నిద్రపట్టదు. అత్త రోజూ పొద్దున్నా సాయంత్రమూ తోటకెందుకు పోతుంది? అక్కడేం చేస్తుంది? అడిగితే, "నీకెందుకే, గిన్నెలు తోము" అనేది శేషమ్మ.

కార్తీకంలో శేషమ్మకు జబ్బు చేసింది. ఆఖరి రోజున కొడుకునీ కోడల్నీ దగ్గరికి పిలిచింది.

"తోట జాగ్రత్త" అంది. "నా పేరున అక్కడ రాయి వేశారో, ఊరుకోను. నేనిచ్చిందే ఇయ్యండి."

"ఏమిచ్చావత్తా?" అని తాయారు అడిగేలోపు ఆవిడ కన్ను మూసింది.

పదో రోజున కొలనుగట్టున పిండం పెట్టారు. చెట్టుమీద కాకి ఉంది, చూస్తోంది, దిగిరాదు. కాకి ముట్టకపోతే పోయినవాళ్ళకు తీరని కోరికేదో మిగిలిపోయినట్టేనని మనకు తెలుసుగా. చుట్టాలు తలో మాటా అన్నారు. "కొడుకును బాగా చూసుకుంటాంలే శేషమ్మా." కాకి కదల్లేదు. "నీ పేరున తోటలో పెద్ద రాతిబల్ల వేయిస్తాం." కాకి లేచి ఇంకా దూరపు కొమ్మ మీదికి పోయి కూర్చుంది!

అప్పుడు తాయారు చేతులు జోడించి, "అత్తా, నువ్విచ్చిందే ఇస్తాను. అదేమిటో తెలుసుకుని మరీ ఇస్తాను" అంది.

కాకి దిగివచ్చింది. ఒక్కటంటే ఒక్క మెతుకు ముట్టి, మిగతాది అలాగే వదిలి ఎగిరిపోయింది. ప్రతి నెలా మాసికం నాడూ అదే వరస. ఒక్క మెతుకు. బేరంలో బయానా తీసుకున్నట్టు.

తాయారుకు అన్నం సయించేది కాదు. బతికున్నన్నాళ్ళూ అత్త నోటికి జడిసింది నిజమే. కానీ తను జబ్బున పడితే లేపి కూర్చోబెట్టిందీ ఆ అత్తే. ఆవిడ కోరిక తీరకుండా ఉండిపోతుందేమోనని పిల్లకు బెంగ పట్టుకుంది.

ఇంతలో తోటకూ ఏదో అయింది. శేషమ్మ పోయిన నెలకల్లా మొగ్గలు మాయమయ్యాయి. రెండో నెలకు చిన్న కొమ్మలు పోయాయి. మాఘం వచ్చేసరికి మేకలు లోపలే కాపురం పెట్టాయి. తోటమాలి ఉన్నాడు, ముసలివాడు, ఒక్కడు. మోట తోలి నీళ్ళు పెట్టేసరికే పొద్దు గుంకేది. ఊరివాళ్ళు చూసి "అయ్యో" అనేవారు, వెళ్ళిపోయేవారు. ఉమ్మడి గొడ్డు పుచ్చి చచ్చిందని ఊరికే అన్నారా మరి!

ఉగాది వెళ్ళాక ఆ దేశపు రాజు కేసరివర్మ తోటవైపు వచ్చాడు. కుర్రరాజు, చెడ్డవాడు కాదు, కానీ తొందరెక్కువ. ఎండిన చెట్లూ వరసగా రాళ్ళూ చూసి ముఖం చిట్లించాడు.

"ఇక్కడ పూలకంటే పేర్లే ఎక్కువ పూశాయే!" అన్నాడు. "తొలకరి వరకూ చూస్తాను. అప్పటికి ఇది మళ్ళీ తోటలా కనిపిస్తే సరి. లేదంటే వాకిలికి తలుపులు పెట్టించి, లోపల ఏనుగుల సాల కట్టిస్తాను. కనీసం ఏనుగులకైనా నీడ ఉంటుంది."

ఊరు గొల్లుమంది. గొల్లుమని ఏం చేసింది? వర్తకుడు మాణిక్యయ్య వాళ్ళ నాన్న పేరున ఇంకో రాతిబల్ల వేయించాడు! వాళ్ళకు అంతవరకే తోచింది.

తాయారు మాత్రం ఆ మాట వినగానే గుండె మీద చెయ్యి వేసుకుంది. తోటే పోతే అత్త కానుక ఇచ్చేదెక్కడ? మర్నాడే తోటకు పోయి కాకి కూర్చునే కొమ్మ కింద నిలబడింది.

"కాకిరాజా, కాకిరాజా! మా అత్త ఈ తోటకు ఏమిచ్చింది?"

"ఏమిచ్చిందా!" అంది కాకి. "తిట్లిచ్చింది! ఎంగిలి చేత్తో కాకిని తోలదంటారే, వట్టి అబద్ధం. గోరువంక గూటివైపు చూశానో లేదో, చెయ్యి కూడా కడుక్కోకుండా పరిగెత్తుకొచ్చేది. ఆవిడున్నన్నాళ్ళూ ఒక్క గుడ్డు తిననివ్వలేదు."

ఇదేం జవాబు? తాయారు కొలను దగ్గరికి వెళ్ళింది.

"తాబేలు తాతా, మా అత్త ఏమిచ్చింది?"

తాబేలు తాపీగా తల బయటపెట్టింది. "తిట్లమ్మా. ఒకడు ఈ కొలనులో ఎద్దుల్ని కడగబోతే శుభ్రంగా వడ్డించింది. వాడు ఈ వీధి మొహం మళ్ళీ చూస్తే ఒట్టు. ఇప్పుడు చూడు, నా నెత్తిన ఎంత బురదో."

తాయారు పొగడచెట్టు దగ్గరికి పోయి ఉడుతనూ అడిగింది.

"తిట్లు, తిట్లు, తిట్లు!" అంది ఉడుత తోకాడిస్తూ. "మొగ్గ తుంచినవాడికి ఒకటి, కొమ్మ విరిచినవాడికి రెండు, గోడ దూకినవాడికి వాడి వంశం మొత్తానికి! చెవులు చిల్లులు పడేవి. కానీ కడుపునిండా కాయలుండేవి."

తాయారు అక్కడే చెట్టు మొదట్లో కూలబడింది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు. శేషమ్మ నోరు మంచిది కాదు, అయినా తోటంతా ఆ నోటి మీదే బతికింది! పైసా ఖర్చు కాని కానుక, పిసినారి కానుక. రోజూ వచ్చి, చూసి, అడిగింది. ఊళ్ళో ఇంకెవరూ ఇవ్వనిది అదొక్కటే. "ఓసి నా పిచ్చి అత్తా, ఒక్క మాట చెబితే నేనూ నీతో వచ్చేదాన్ని కదా" అని తాయారు ఏడ్చింది.

సరే, కానుకేమిటో తెలిసింది. ఇచ్చేదెలా?

మేకల కాపరి కాటన్న మంద పొన్నమొక్కల్ని నములుతోంది. తాయారు కొంగు బిగించి వెళ్ళి నిలబడింది. అత్తను తలుచుకుంది. నోరు తెరిచింది. "కాటన్నా... మరీ... మేకలు... కాస్త..." అంది.

"ఏంటమ్మా, నీళ్ళు కావాలా?" అన్నాడు కాటన్న.

"ఆఁ, కొంచెం" అంది తాయారు. నీళ్ళు తాగి వచ్చేసింది. ఏం చేస్తుంది పాపం! తిట్టడం కూడా విద్యే, అందరికీ రాదు.

సిగ్గుపడుతూ ఒక రాతిబల్ల దగ్గరికొచ్చి కూర్చోబోతే, కూర్చునేందుకు చోటు లేదు. బల్లనిండా ఎవరో పిడకలు కొట్టారు. పిడకల సందులోంచి సగం పేరు కనబడుతోంది. మాణిక్యయ్యగారి నాన్న పేరు. తాయారు దాన్ని అలా చూస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత లేచి తిన్నగా మాణిక్యయ్య కొట్టుకు నడిచింది.

"వరదయ్య భార్యవు కదూ? ఏం కావాలమ్మాయీ?" అన్నాడు మాణిక్యయ్య.

"ఏమీ వద్దు బాబుగారూ. తోటలో మీ నాన్నగారి పేరు చదువుదామనుకున్నాను. సగమే కనబడింది. మిగతా సగం మిమ్మల్నడిగి పోదామని వచ్చాను."

"సగమేమిటి? అక్షరాలు చెరిగిపోయాయా?"

"చెరగలేదండీ. పిడకలు అడ్డొచ్చాయి."

మాణిక్యయ్య గద్దె మీంచి లేచాడు. ఉత్తరీయం జారిపోతున్నా చూసుకోలేదు. తోటదాకా పరుగు, వెనకే తాయారు. అక్కడ పిడకలు చూశాడు. "ఎవర్రా! ఎవరి పనిది! మీ జిమ్మడ! మా నాన్న పేరు మీదా పిడకలు? ఇది తోటనుకున్నారా, మీ పెరడనుకున్నారా? తియ్యండి!" అని అరిచాడు. ఎప్పుడూ లెక్కగా నవ్వే మాణిక్యయ్య ఆ పూట ఊరంతా వినేట్టు అరిచాడు. పిడకలవాళ్ళు పరుగున వచ్చి తీసుకుపోయారు. పనిలో పనిగా మొగ్గలు కోస్తున్నవాళ్ళు కూడా జారుకున్నారు.

తాయారుకు ఒళ్ళు గగుర్పొడిచింది. అచ్చం అత్త గొంతే!

మర్నాడు దళవాయి పాపరాయుడి ఇంటికి వెళ్ళింది. "అయ్యా, మీ అమ్మగారి పేరున్న బల్లకు ఏదో కట్టారు. తోరణమో ఏమోననుకుని దగ్గరికెళ్ళి చూస్తే, మేకల పలుపు" అంది, ఎంతో నెమ్మదిగా. దళవాయి మీసాలు లేచి నిలబడ్డాయి. తోటకొచ్చి కాటన్నను పట్టుకుని దులిపేశాడు.

అంతా విని కాటన్న తల గోక్కున్నాడు. "దొరా, అది మీ అమ్మగారి బల్లని నాకేం తెలుసు? బల్ల వేయించిన నాటి నుంచీ మిమ్మల్ని ఇటు చూసిందే లేదు కదా."

దళవాయి మీసాలు దించుకుని వచ్చిన దారినే వెనక్కి మళ్ళాడు. యుద్ధంలో కూడా ఆయన అంతగా తగ్గింది లేదట.

కానీ ఏం లాభం? ఆ మర్నాడు మాణిక్యయ్యా రాలేదు, దళవాయీ రాలేదు. మేకలు మాత్రం వచ్చాయి. వైశాఖం సగమైపోయింది. తాయారు దిగాలుగా తోట వాకిట్లో కూర్చుని ఉంటే, కుమ్మరి బాలమ్మ చంకలో కడవతో లోపలికి వచ్చింది.

తోట వాకిలి పక్కనే చిన్న మల్లెపొద ఉంది. బాలమ్మ కూతురు నాలుగేళ్ళప్పుడు జ్వరంతో పోతే, రాతికి తాహతు లేక ఆ మల్లె నాటుకుంది. ఇప్పుడది ఎండి పుల్లయింది. బాలమ్మ ఎవర్నీ తిట్టలేదు. పుల్లల్ని నిమిరింది. మొదట్లో కడవెడు నీళ్ళు పోసి, పక్కన కూర్చుని కళ్ళు తుడుచుకుంది.

"రోజూ వస్తావా బాలమ్మా?" అని అడిగింది తాయారు.

"కుండలు చేసే సారె వదిలి రోజూ ఎక్కడొస్తానమ్మా! ఈ రోజు నా బిడ్డ పోయిన తిథి. ఏటా ఈ ఒక్కరోజూ పొద్దుణ్ణుంచి సాయంత్రం దాకా ఇక్కడే ఉంటాను. మిగతా రోజులు దేవుడి మీద వదిలేస్తాను."

తాయారు చటుక్కున లేచి నిలబడింది. "బాలమ్మా! ఏడాదిలో ఎవరి తిథీ కాని రోజు ఉంటుందా ఈ ఊళ్ళో?"

బాలమ్మ ఆలోచించింది. "ఉండదు తల్లీ. రోజూ ఎవరో ఒకరి ఇంట్లో తద్దినం ఉంటూనే ఉంటుంది."

"అయితే దేవుడి మీద వదిలెయ్యక్కర్లేదు" అంది తాయారు.

ఆ సాయంత్రం మంచినీళ్ళ బావి దగ్గర ఇద్దరూ కలిసి మాట కదిపారు. బావి దగ్గర మాట కదిపితే ఇంక దండోరా ఎందుకు? "ఎవరి పెద్దల తిథి వస్తే, ఆ ఇంటివాళ్ళు ఆ రోజంతా తోటలో ఉండాలి. వాళ్ళ పేరున తలా ఒక కడవ నీళ్ళు పొయ్యాలి. తోటను సొంత పెరడులా చూసుకోవాలి. కొమ్మ విరిచేవాణ్ణి అడగాలి. మీవాళ్ళ పేరు మీద పిడకలు ఆరుతున్నాయో, పూలు రాలుతున్నాయో ఆ రోజు మీ కళ్ళతో మీరే చూసుకోవాలి." చివరి మాట అందరికీ సూటిగా తగిలింది. పిడకల సంగతి అప్పటికే ఊరంతా పాకింది మరి.

మొదట బావి దగ్గరి ఆడవాళ్ళే వచ్చారు. వాళ్ళ వెనక మొగవాళ్ళొచ్చారు. ఒకరోజు కళాయివాళ్ళ ఇల్లు, ఒకరోజు నేతవాళ్ళ ఇల్లు. బాలమ్మ కడవలు కాల్చి వాకిట్లో బోర్లించింది, చేతిలో కడవ లేదనే సాకు లేకుండా. మాణిక్యయ్య తండ్రి తిథినాడు వచ్చి మోటకు రెండు ఎద్దుల్ని ఇచ్చాడు. ఎద్దుల మీద పేరు చెక్కించడం కుదరదని కాసేపు బాధపడ్డాడు కానీ, ఇచ్చాడు. దళవాయి చేతికర్ర పట్టుకుని కొలను చుట్టూ పహరా తిరిగాడు. కాటన్న కూడా తన తాత తిథికి వచ్చాడండోయ్! ఆ రోజు తన మేకల్ని తనే తిట్టుకుని బయటికి తోలుకున్నాడు. తోట పాడవడంలో తిలాపాపం తలా పిడికెడు పంచుకున్న ఊరు, ఇప్పుడు పుణ్యమూ అలాగే పంచుకుంది.

జ్యేష్ఠం వచ్చింది. ఆకాశం కాస్త కమ్ముకుంది. పొగడలు చిగిర్చాయి. ఎండిపోయిందనుకున్న మల్లెపుల్ల రెండాకులు వేసింది. అయినా తాయారుకు గుబులు తీరలేదు. రాజు వచ్చి చూసి, "ఇది చాలదు" అంటే?

ఆ రోజు శేషమ్మ మాసికం. వరదయ్య ఇంట్లో కార్యం ముగించాడు. తాయారు కాకికి ముద్ద విస్తరాకులో పెట్టుకుని తోటకు తెచ్చి గోడ మీద ఉంచింది. ఆ రోజు తోట వంతు కూడా వాళ్ళదే. కాకి వచ్చింది. మామూలుగా ఒక్క మెతుకు ముట్టి తల పక్కకు తిప్పుకుంది.

"ఇంకా ఏం కావాలత్తా? ఊరంతా చేస్తోంది కదా!" అంది తాయారు, ఏడుపు గొంతుతో.

సరిగ్గా అప్పుడే ఫెళ్ళుమని చప్పుడు. తల తిప్పి చూస్తే, మామూలు పంచె కట్టుకున్న పరాయి మనిషెవడో పళ్ళపుల్ల కోసమని కానుగచెట్టు కొమ్మ వంచాడు. పుల్లకు బదులు చేతి లావు కొమ్మే విరిగి వచ్చింది. చెట్టు మొదట్లో ఆ ఉదయమే పోసిన నీళ్ళ తడి ఇంకా ఆరలేదు.

తాయారుకు కళ్ళు ఎర్రబడ్డాయి. ఎన్నాళ్ళ నుంచి గొంతులో ఇరుక్కుపోయిందో ఏమో, ఒక్కసారిగా బయటికి వచ్చింది.

"ఎవడ్రా అది! నీ దుంపతెగ! పళ్ళపుల్లకు కొమ్మంతా కావాల్సి వచ్చిందా నీకు? నీకెన్ని పళ్ళున్నాయిరా? అదేమైనా మీ తాతమ్మ నాటిందా?"

కొలనులో తాబేలు తల లోపలికి లాక్కుంది. ఆ మనిషి కొమ్మతో అలాగే నిలబడి మెల్లగా అన్నాడు, "అవునమ్మా. మా తాతమ్మే నాటింది."

తలపాగా కాస్త పక్కకు జరిగింది. ముఖం కనబడింది. కేసరివర్మ! తోటను చూడటానికి మారువేషంలో వచ్చాడు రాజు.

తాయారు రెండడుగులు వెనక్కి వేసింది. పారిపోదామనుకుంది. కానీ ఆ విరిగిన కొమ్మ ఎదురుగా కనబడుతోంది. అత్త అయితే ఏమనేది? పారిపోయేదా?

"అయితే ఏం?" అంది తాయారు, మళ్ళీ ముందుకు వచ్చి. "నాటింది మీ తాతమ్మే. నీ ఒక్కడికని నాటలేదు, అందరికీ అని తలుపులు ఊడదీసింది. అందరిదీ విరిచే హక్కు ఎవరికీ లేదు, ప్రభువులకైనా సరే."

రాజు నవ్వలేదు, కోపగించలేదు. కొమ్మను మెల్లగా కింద పెట్టాడు.

"చిన్నప్పుడు ఇదే తోటలో సంపెంగ మొగ్గ తుంచితే ఒక ముసలమ్మ నన్ను ఇలాగే తిట్టింది" అన్నాడు. "నేను రాజకుమారుణ్ణంటే, అయితే రెండు తిట్లు ఎక్కువ తినమంది. ఉగాది వెళ్ళాక వచ్చినప్పుడు తోటలో ఏదో తక్కువైందనిపించింది, ఏమిటో తెలియలేదు. ఆ గొంతే తక్కువైంది. ఆవిడేదీ?"

"మా అత్తండీ. పోయింది. ఇది... ఇది ఆవిడ పేరున తోటకు మేమిచ్చే కానుక."

"ఏది?"

"తిట్లు, మహారాజా."

అప్పుడు నవ్వాడు రాజు, కళ్ళల్లో నీళ్ళొచ్చేలా నవ్వాడు. "మా తాతమ్మ తిథి ఎప్పుడో మా పురోహితుణ్ణే అడగాలి, నాకు తెలియను కూడా తెలియదు. తెలుసుకుని ఆ రోజు నేనూ కడవతో వస్తాను. ఏనుగుల సాలకు ఊరి బయట స్థలం చూస్తాను. ఈ వాకిలికి మళ్ళీ తలుపు మాట ఎత్తను."

తాయారు చేతులు జోడించి నిలబడింది.

గోడ మీద చప్పుడైంది. ఇద్దరూ అటు చూశారు. కాకి ముద్ద మొత్తం తినేసి, విస్తరాకు బోర్లించి, "కావ్" మని ఒక్క అరుపు అరిచి పొగడచెట్టు మీదికి ఎగిరిపోయింది. ఆ అరుపు అచ్చం తిట్టినట్టే ఉందని తాయారు బతికున్నంత కాలం చెప్పేది. అక్కడే ఆ గోడ మీద తల ఆనించి, "సరేనా అత్తా?" అని కరువుదీరా ఏడ్చింది.

ఆనాటి సాయంత్రమే తొలకరి పడింది. ఈనాటికీ పున్నాగపురంలో పుట్టిన ప్రతి బిడ్డకూ తన పెద్దల తిథి తెలుసు, ఆ రోజు కడవ ఎత్తడం తెలుసు, కాస్తో కూస్తో తిట్టడమూ తెలుసు. శేషమ్మ పేరు మాత్రం ఆ తోటలో ఎక్కడా ఏ రాతి మీదా కనబడదు, కానీ ఎవర్నడిగినా ఆ పేరు చెబుతారు.

పిల్లలూ, కాబట్టి పోయినవారి పేరు నిలిచేది మనం రాతి మీద చెక్కించినందుకు కాదు, వారు ప్రేమించినదాన్ని వారి వంతున మనం కాపాడినందుకు.